ఊరి గోడ మీద మన తాబేలు: సముద్ర తాబేళ్ళ కోసం ఊరంతా కలిసి బొమ్మ వేయడం ఎలా

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఓ మత్స్యకార గ్రామం. తుఫాను షెల్టర్ గోడ మీద నాలుగు రోజులు ఎండలో మాడి వేసిన తాబేలు బొమ్మ ముందు నిలబడి మురిసిపోతున్నాను. వల భుజాన వేసుకుని అటుగా పోతున్న పెద్దాయన ఒకరు ఆగారు. తల పక్కకి వంచి కాసేపు చూశారు. "బొమ్మ బాగుంది బాబూ. కానీ ఇదేటి, మన తాబేలు కాదు గదా" అని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన మాట నిజం. ఇంటర్నెట్‌లో అందంగా కనిపించిన ఫొటో చూసి దించేశాను. అది గ్రీన్ టర్టిల్ అనే పచ్చ తాబేలు. మన ఒడ్డుకు ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లే. చిన్నప్పటి నుంచి వలలో పడ్డ తాబేళ్ళను చూస్తున్న మనిషికి ఆ తేడా నిమిషంలో తెలిసిపోయింది. ఊళ్ళో వాళ్ళ తాబేలే కాని తాబేలును గోడ మీద పెట్టి, దాన్ని కాపాడమని వాళ్ళకే చెప్తున్నానన్నమాట.

ఆ గోడ మళ్ళీ వేశాం. ఆ తర్వాత ఇంకొన్ని వేశాం. ఆ అనుభవంలోంచి, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ తీర గ్రామంలోనైనా బడి పంతులు, యువజన సంఘం, నలుగురు కుర్రాళ్ళు కలిసి ఇలాంటి పని తలపెడితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది రాస్తున్నాను. బొమ్మలు బాగా రావాల్సిన అవసరం లేదు. ఓపిక మాత్రం బాగా కావాలి.

మొదట గోడ కాదు, ఒడ్డు

రంగు డబ్బా కొనకముందు రెండు రాత్రులు ఒడ్డు మీద నడవండి. మన తీరంలో ఆలివ్ రిడ్లేలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. కొన్ని డిసెంబరులోనే మొదలుపెడతాయి, కొన్ని ఏప్రిల్ దాకా వస్తాయి. ఒడిశాలో రుషికుల్య, గహీర్మఠ దగ్గర వేలూ లక్షల్లో ఒకేసారి వచ్చి పడతాయి. మన వైపు అలా కాదు, విడివిడిగా ఒక్కోటి వస్తుంది. అందుకే చాలామందికి అవి వస్తున్నట్టే తెలీదు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవే కళ్ళబడతాయి.

అటవీ శాఖ వాళ్ళతోనో, గుడ్ల సంరక్షణ కేంద్రంలో రాత్రి కాపలా తిరిగే వాళ్ళతోనో చెప్పి, వాళ్ళ వెంటే వెళ్ళండి. టార్చి వద్దు, ఫోను లైటు అసలే వద్దు. అలలోంచి బయటికొస్తున్న తాబేలు వెలుగు పడితే వెనక్కి తిరిగిపోతుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఇసుక మీద జాడ దానంతటదే కనిపిస్తుంది.

ఆ జాడను జాగ్రత్తగా చూడండి, రేపు గోడ మీద గీయాల్సింది అదే. ఆలివ్ రిడ్లే కుడి ముందు రెక్క, ఎడమ ముందు రెక్క ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ పాకుతుంది. అందుకే జాడ మెట్లు మెట్లుగా, అటొకటి ఇటొకటిగా పడుతుంది. పచ్చ తాబేలు రెండు రెక్కలూ ఒకేసారి వేస్తుంది కాబట్టి దాని జాడ రెండు వైపులా సమానంగా ఉంటుంది. జాడ ఎగువకు పోయి ఆగిన చోట అది వెనక రెక్కలతో కుండలాంటి గొయ్యి తవ్వుతుంది. పైన మెడ సన్నం, లోపల కడుపు వెడల్పు. అందులో సుమారు నూరు, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. తెల్లగా, గుండ్రంగా పింగ్‌పాంగ్ బంతుల్లా ఉంటాయి. గొయ్యి పూడ్చాక ఒళ్ళంతా ఇటూ అటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దట్టిస్తుంది. నలభై కిలోల జీవి చీకట్లో ఇసుక మీద అలా దబదబా దరువు వేస్తుంటే ఒక్కసారి చూసినవాడికి ఇక ఫొటో అక్కర్లేదు.

సాధారణంగా 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. ఇది బళ్ళో పిల్లలకు చెప్పి చూడండి, ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడరు.

ఇక బొమ్మ వేసేవాళ్ళకు కావలసిన కొలతలు. ఆలివ్ రిడ్లే వీపు చిప్ప పై నుంచి చూస్తే ఇంచుమించు గుండ్రంగా, కొంచెం హృదయం ఆకారంలో ఉంటుంది. పొడవు రెండడుగుల పైచిలుకు, వెడల్పూ దాదాపు అంతే. వెన్ను వరసకు రెండు పక్కలా ఉన్న పెద్ద పలకలు లెక్కపెట్టండి. పచ్చ తాబేలుకు పక్కకు నాలుగే. ఆలివ్ రిడ్లేకు మామూలుగా ఆరు, అంతకన్నా ఎక్కువ కూడా. కొన్నిటికి ఒక పక్క ఆరు, ఇంకో పక్క ఏడు ఉంటాయి, అలా ఉన్నా తప్పు కాదు. రంగు పేరుకే ఆలివ్. చూడటానికి బురద కలిసిన బూడిద పచ్చ. పిల్లలైతే దాదాపు నల్లగా ఉంటాయి. బొమ్మల్లో అందరూ వాటికి చిలకపచ్చ పూసేస్తారు, నేనూ పూశాను.

ఊరితో మాట్లాడటం: అసలు పని ఇదే

ఈ దశకు కనీసం నెల పెట్టుకోండి. గోడ వేయడానికి వారం చాలు.

పంచాయతీ తీర్మానం, గోడ బడిదైతే హెడ్‌మాస్టరు ఉత్తరం, అటవీ రేంజ్ అధికారికి ఒక కబురు. ఇవి కాగితాలు, తెచ్చుకోవడం కష్టం కాదు. కానీ మత్స్యకార గ్రామంలో సర్పంచి సంతకం ఒకటి, ఊరి పెద్దల మాట ఇంకొకటి. పెద్దలు కూర్చునే చోటికి, వాళ్ళు కూర్చునే వేళకి మీరే వెళ్ళాలి. వేట నుంచి పడవలు వచ్చే పొద్దుటి పూట పోతే ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. మధ్యాహ్నం వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు పోతే గంటలు గంటలు మాట్లాడతారు.

అక్కడ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మా మీద నింద వేయడానికి వచ్చారా?"

అది సబబైన ప్రశ్నే. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మాటిమాటికీ నీటి పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై చస్తుంది. దానికి విరుగుడుగా వలలో అమర్చే చట్రం ఉంది. చేపలు, రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు మాత్రం కమ్మీలకు తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. చేపలు కూడా కొన్ని పోతాయని మరబోట్ల వాళ్ళ ఫిర్యాదు. తెప్ప మీదో చిన్న ఫైబర్ పడవ మీదో పోయి వచ్చేవాడి కథ వేరు. అతని వలలో తాబేలు పడితే వల చిరుగుతుంది, నష్టం అతనిది. తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది కాబట్టి పైపెచ్చు కేసు భయం. ఇవన్నీ ఒకే మూటలో కట్టేసి "మత్స్యకారులారా, తాబేళ్ళను చంపకండి" అని గోడ మీద రాస్తే, ఆ గోడ మీద మర్నాడు పేడ పడినా నేను తప్పు పట్టను.

ఇంకో సంగతి కూడా వాళ్ళే గుర్తు చేశారు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానం కోసం పెట్టింది. తాబేళ్ళు ఒడ్డుకు ఎక్కువగా వచ్చే కాలం అప్పటికి దాటిపోతుంది. "నిషేధం ఉంది కదా, ఇంకేటి?" అనే పట్నం మాట ఒడ్డున చెల్లదు.

కాబట్టి వినండి. ఎవరికి తాబేలు గురించి ఏం తెలుసో రాసుకోండి. ఆడవాళ్ళను వేరుగా కలవండి, చేపలు ఎండబెట్టే చోట. కుక్కలు గుడ్లు తవ్వుకుపోయే చోటు మాకు చూపించింది ఓ ముసలమ్మే. ఊరి మనిషికి తెలిసినది తక్కువగా అంచనా వేయొద్దని చెప్పడానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. దశాబ్దాల తరబడి అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలు ఊరూరా బొమ్మ చూపించి అడిగితే, చివరికి దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు. కలివి పొదల్లో తిరిగే ఆ పిట్టకు పేరు పెట్టినవాళ్ళూ అక్కడి జనమే.

ఒక గోడకు ఒక మాట

కూర్చుని మాట్లాడాక చేతిలో పది విషయాలు ఉంటాయి: వలలు, ప్లాస్టిక్, కుక్కలు, లైట్లు, గుడ్లు, తెగి కొట్టుకొచ్చే వల ముక్కలు. అన్నీ గోడెక్కించాలనిపిస్తుంది. ఎక్కిస్తే అది పాఠ్యపుస్తకం అట్ట అవుతుంది.

ఒక్కటి ఎంచుకోండి. ఆ ఊరి మనిషి, ఆ ఒడ్డు మీద, ఖర్చు లేకుండా చేయగలిగేది అయ్యుండాలి. మేం రెండోసారి ఎంచుకున్నది గుడ్ల సంగతి. గోడ మీద వాక్యం ఇది:

గుడ్లు కనబడితే కదపొద్దు. కబురు చెప్పండి.

"వన్యప్రాణులను సంరక్షిద్దాం, ప్రకృతి సమతుల్యతను కాపాడుదాం" అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ చదవరు కూడా. వాక్యాన్ని ముందు టీ కొట్టు దగ్గర నలుగురికి చదివి వినిపించండి. "అంటే ఏం చెయ్యాలి?" అని ఎవరైనా అడిగితే వాక్యం ఇంకా కుదరలేదన్నమాట. మా మొదటి ముసాయిదాలో "సమాచారం అందించండి" అని ఉండేది. "అందించడమేటి, కబురు చెప్పండి అను" అని దిద్దింది టీ కొట్టాయనే.

ఏ గోడ?

జనం నిలబడే చోట ఉన్న గోడ. బాగా కనిపించే గోడ వేరు, జనం నిలబడే గోడ వేరు. రోడ్డు మలుపులో పెద్ద గోడ ఉంటే బస్సులోంచి చూస్తారు, వెళ్ళిపోతారు. వలలు అల్లే మండపం, చేపలు వేలం వేసే చోటు, బడి ప్రహరీ, తుఫాను షెల్టర్, మంచినీళ్ళ ట్యాంకు పక్కన గోడ: ఇక్కడైతే మనుషులు ఊరికే నిలబడి ఉంటారు. ఊరికే నిలబడ్డ మనిషే బొమ్మను నిజంగా చూసేది.

సైజు గురించి ఆశ పడొద్దు. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటే ధారాళంగా సరిపోతుంది. అంతకన్నా ఎత్తయితే సారవ కట్టాలి. సారవ కడితే పిల్లల్ని ఎక్కనివ్వకూడదు, పిల్లలు లేకపోతే ఇది ఊరి పని కాకుండా పెయింటరు పని అవుతుంది. పిల్లల చేతికి అందేంత ఎత్తు వాళ్ళది, పైది బల్ల వేసుకుని పెద్దలది.

గోడను తట్టి చూడండి. డొల్లగా మోగితే ప్లాస్టరింగ్ లోపల వదిలేసిందని అర్థం. అడుగున రెండడుగుల మేర తెల్లటి పొడి పట్టిందంటే ఉప్పు ఎక్కిందన్నమాట. సముద్రం పక్కన ఇది లేని గోడ అరుదు. మరీ ఎక్కువుంటే వేరే గోడ వెతకడం మేలు.

నమూనా కాగితం మీద

సైకిల్ తొక్కుతూ వచ్చే మనిషికి ముప్పై అడుగుల దూరం నుంచే కథ అర్థమవ్వాలి. మా కథలో మూడే ఉన్నాయి: ఒడ్డు నుంచి పైకి పోయిన జాడ, ఆ జాడ చివర గుడ్లు పూడ్చుకుంటున్న నిజమైన సైజు తాబేలు, కాస్త దూరంలో గొంతుక్కూర్చుని చూస్తున్న మనిషి. ఆ మనిషి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. చేతులు దేన్నీ ముట్టుకోవడం లేదు. చెప్పదలుచుకున్నది ఆ చేతుల్లోనే ఉంది కాబట్టి వాటిని మూడుసార్లు చెరిపి వేశాం.

నిజమైన సైజు అన్నది పట్టుబట్టి చేయండి. పిల్లలు వెళ్ళి దాని పక్కన నిలబడి తమను తాము కొలుచుకుంటారు.

దేవుడి ప్రస్తావన తప్పకుండా వస్తుంది. శ్రీకూర్మం మా జిల్లాలోనే ఉంది, కూర్మనాథస్వామి బొమ్మ పైన వేస్తే బాగుంటుందని మా ఊళ్ళోనూ అడిగారు. పట్నాల్లో గోడ పాడవకుండా దేవుళ్ళ టైల్స్ అతికించే అలవాటు అందరికీ తెలుసు, దేవుడు కాపలా ఉంటే ఉమ్మరు. అయినా నేను వద్దన్నాను. దేవుడు ఎక్కితే గోడకు దణ్ణం పెట్టి వెళ్తారు, కింద వాక్యం ఎవరూ చూడరు. పైగా తీర గ్రామాల్లో చర్చికి పోయే కుటుంబాలు ఎన్నో, గోడ వాళ్ళది కూడా. ఇంకో చిక్కు, శ్రీకూర్మం గుళ్ళో తిరిగేవి నక్షత్ర తాబేళ్ళు. అవి నేల మీద బతికే జాతి. రెంటినీ కలిపేస్తే ఎవరైనా నేల తాబేలును తీసుకెళ్ళి సముద్రంలో వదిలి పుణ్యం వచ్చిందనుకుంటారు. నేల తాబేలు మునిగి చస్తుంది.

సవర చిత్రాల పద్ధతిలో వేద్దామని డ్రాయింగ్ మాస్టారు ఒకరన్నారు. అందమైన ఆలోచనే. కానీ అది సీతంపేట వైపు సవరలకు పూజతో ముడిపడ్డ బొమ్మ. వాళ్ళ కళాకారుణ్ణి పిలిచి, కూలి ఇచ్చి, ఆయన చేత వేయిస్తే వేయించండి. చూసి కాపీ కొట్టొద్దు. మీ ఊళ్ళో ఉన్నది వెతుక్కోండి. పడవ ముక్కు మీద వేసే రంగుల పట్టీలు, ఇంటి ముందు ముగ్గు. మా గోడ అంచు చుట్టూ తిరిగే గీత ఆడవాళ్ళు వేసిన మెలిక ముగ్గే.

రంగుల దగ్గర ఒక మాట. మన రాష్ట్రంలో గోడకు రంగు వేయడం ఎంత రాజకీయమో తెలియంది కాదు. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కథ మనది. సముద్రానికి నీలం, తాబేలుకు ఆకుపచ్చ, నురగకు తెలుపు పక్కపక్కన పడితే ఓ పార్టీ జెండా తయారవుతుంది. అది చూసి ఇసుకకు పసుపు దండిగా పూస్తే ఇంకో పార్టీ. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఎన్నికల కోడ్ వచ్చిన రోజు సున్నం బకెట్టుతో ఎవరో ఒకరు వస్తారు. మేం సముద్రాన్ని రాత్రి సముద్రంగా, బూడిద నలుపులో వేశాం. ఇసుకకు గోధుమ రంగు. గుడ్లు పెట్టేది ఎలాగూ రాత్రే కాబట్టి ఇటు నిజమూ అయింది, అటు గొడవా లేదు. డబ్బిచ్చినవాళ్ళ ఫొటోలు, లోగోలు గోడ మీదికి రానివ్వొద్దు. కావాలంటే పక్క స్తంభం మీద చిన్న అక్షరాల్లో పేర్లు రాయండి.

గోడను సిద్ధం చేయడం

చాలా గోడలు ఇక్కడే పాడవుతాయి. బొమ్మ ఎంత బాగున్నా ఆర్నెల్లకు పొరలు పొరలుగా లేస్తే ఊరు మిమ్మల్ని రెండోసారి పిలవదు.

కాలం ముందు చూసుకోండి. అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ రెండూ ఉత్తరాంధ్రనే కొట్టాయి. నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు మధ్య దాకా గోడ ఎండి ఉంటుంది, గాలి తేలిగ్గా ఉంటుంది, తాబేళ్ళు ఎక్కువగా రావడానికి ముందే పని అయిపోతుంది.

మొదటి రోజు: పాత సున్నం, పెచ్చులు గీకుడు పట్టీతో గీకి, తీగ బ్రష్షుతో రుద్దండి. ఉప్పు పొడిని ముందు పొడిగానే దులపాలి. నీళ్ళు ముందు కొడితే అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. దులిపాక మంచినీళ్ళతో కడగండి. ఒడ్డు దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి గోడ కడగడానికీ వద్దు, రంగులో కలపడానికీ వద్దు. మా మొదటి గోడకు చేసిన రెండో తప్పు అదే. మూడో నెలకే తాబేలు పొట్ట కింద బొబ్బలు లేచాయి.

రెండు మూడు రోజులు ఎండనివ్వండి. ఓ పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే.

తర్వాత పగుళ్ళకు సిమెంటు పుట్టీ, ఆరాక గరుకు కాగితం, ఆపైన ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు. బొమ్మకు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ మాత్రమే వాడండి. డిస్టెంపరు చవకే, ఒక్క వర్షాకాలానికి కారిపోతుంది. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడ అంటే 160 చదరపు అడుగులు. రెండు కోట్లకు లీటరు ఎమల్షన్ యాభై చదరపు అడుగులు వస్తుందని లెక్కేస్తే నాలుగు లీటర్లు తెల్లది పట్టుకోవచ్చు. రంగులన్నీ విడివిడిగా కొనక్కర్లేదు. ఆ తెల్లదాన్నే చిన్న డబ్బాల్లోకి తీసుకుని స్టెయినర్లు, అంటే సీసాల్లో దొరికే చిక్కటి రంగులు కలుపుకోండి. నలుపు, కాలిన మట్టి రంగు, పసుపు, నీలం నాలుగు సీసాలు చాలు. బూడిద పచ్చ వీటిలోనే వస్తుంది. కలిపిన రంగు ఒక డబ్బా మూత బిగించి దాచండి, వచ్చే ఏడు అతుకులకు కావాలి.

అడుగు భాగం రెండడుగులు ముదురు ఇసుక రంగులో వదిలేయండి. ఉప్పు ఎక్కేదీ, బురద చిందేదీ, మేకలు ఒళ్ళు రాసుకునేదీ అక్కడే. పాడైతే మళ్ళీ ఒక కోటు కొడితే సరి.

బొమ్మను గోడకు ఎక్కించడం

కాగితం మీద బొమ్మకు సెంటీమీటరు గళ్ళు గీయండి. గోడ మీద అడుగు గళ్ళు. గీతలకు స్కేలు అవసరం లేదు, దారాన్ని సుద్దపొడిలో ముంచి ఇద్దరు రెండు చివరలా బిగపట్టి, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. తెల్ల గోడ కాబట్టి సుద్దలో కాస్త నీలిమందు కలపండి. ఈ పని పిల్లలకు ఇచ్చేయండి, బొమ్మకన్నా ఇదే ఎక్కువ ఇష్టపడతారు. గళ్ళకు అంకెలు వేస్తే ఏ గడిలో ఏముందో చూసి ఎవరైనా గీయొచ్చు.

తాబేలు తల, కళ్ళు, మనిషి చేతులు మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళకు వదలండి. మిగతాది పంచేయండి. జాడ వేయడం మేం పిల్లలకు ఇచ్చాం. స్పాంజి ముక్కను రెక్క ఆకారంలో కోసి, ఒకరు కుడి, ఒకరు ఎడమ, ఒకరి తర్వాత ఒకరు అద్దుకుంటూ పోవాలి. ఆ అద్దడంలోనే వాళ్ళకు ఆలివ్ రిడ్లే నడక వచ్చేసింది. సాయంత్రం ఇసుక మీద అలా పాకుతూ ఆడారు.

ఎండ గోడ మీద పడే వేళ ఆపేయండి. వేడి గోడ మీద రంగు బ్రష్షు వెంటే ఆరిపోయి చారలు తేలుతుంది. ఉదయం ఏడు నుంచి పది, సాయంత్రం నాలుగు తర్వాత. వచ్చినవాళ్ళకు టీ, మధ్యాహ్నం భోజనం ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి. పూట కూలి మానుకుని వచ్చినవాళ్ళకు కూలి కూడా. "సేవ" అని ఊరుకుంటే తిండికి లోటు లేనివాళ్ళే వస్తారు.

అక్షరాలు చివర. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ధారాళంగా చోటు వదలండి. ముప్పై అడుగుల నుంచి కనబడాలంటే అక్షరం నాలుగంగుళాలకు తగ్గకూడదు, ఒత్తు రెండంగుళాలైనా ఉండాలి. సన్నగా సోకుగా రాసే శైలి వద్దు. ఊళ్ళో పాత సైన్‌బోర్డు ఆర్టిస్టు ఉంటే ఆయన్ను బతిమాలి పిలవండి. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని పోయింది గానీ చెయ్యి పోలేదు.

ఫోను నంబరు గోడ మీద రాయొద్దు. రేకు పలక మీద రాసి నాలుగు మేకులతో బిగించండి. అధికారి బదిలీ అవుతాడు, నంబరు మారుతుంది, గోడ మీద తప్పు నంబరు ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. దాని పక్కనే రెండడుగుల చదరాన్ని నల్లబల్ల రంగుతో పూయించి, ఆ ఏడాది ఊరి ఒడ్డున కనిపించిన గూళ్ళ లెక్క సుద్దముక్కతో రాయించండి. మా ఊళ్ళో ఆ పని ఏడో తరగతి పిల్లలది. లెక్క మారిన రోజు బొమ్మ వైపు చూడనివాళ్ళు కూడా ఆగి చూస్తారు.

కోరంగి మడ అడవుల పక్కన ఉన్నవాళ్ళు బావురు పిల్లికో, రోళ్ళపాడు వైపు వాళ్ళు బట్టమేక పిట్టకో ఇదే పద్ధతి వాడుకోవచ్చు. జీవి మారితే చేయాల్సిన పని మారుతుంది, వాక్యం మారుతుంది. గోడకు ఉప్పు బెడద లేకపోవడం రోళ్ళపాడు వాళ్ళ అదృష్టం.

అయిపోయాక

ప్రారంభోత్సవం చేస్తే చిన్నగా చేయండి. తాబేలు పిల్లల్ని తెచ్చి అతిథుల చేత నీళ్ళలో వదిలించే ముచ్చట మాత్రం వద్దు. పిల్లలు ఇసుక మీద వాటంతటవే నడిచి అలను చేరాలి. చేతుల్లోకి తీసుకోవడం, ఫ్లాష్ కొట్టడం వాటికి చేటు.

ఏటా వానలు వెళ్ళాక మంచినీళ్ళతో గోడ కడిగి, దాచిన రంగుతో అతుకులు వేయండి. ఆ పనికి ఒక పేరు ఉండాలి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు.

అదే షెల్టర్ గోడ మీద రెండోసారి వేసిన బొమ్మ అన్నీ కుదిరి వచ్చింది. పలకలు ఆరు, జాడ మెట్లు మెట్లుగా, చేతులు మోకాళ్ళ మీద. ఊరు ఎంత సంబరపడిందంటే, రాత్రి కూడా కనబడాలని గోడ మీదికి తెల్లటి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు పెట్టించారు. నాకూ గర్వంగానే అనిపించింది. ఇది జనవరి మాట.

మార్చిలో ఓ పొద్దున్న కుర్రాళ్ళు ఫోను చేశారు. వెళ్ళి చూస్తే ఇసుక మీద సన్నటి జాడలు, దారం లాగినట్టు, డజన్ల కొద్దీ. అన్నీ సముద్రానికి వీపు పెట్టి మా గోడ వైపే వచ్చాయి. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పోతుంది. చీకటి ఒడ్డు మీద ఆ వెలుగు నక్షత్రాల కాంతి పడ్డ సముద్రానిదే కావాలి. ఆ రాత్రి మా లైటుది అయింది. గోడ కింద, సరిగ్గా మేం వేసిన తాబేలు పొట్ట దగ్గర, పద్నాలుగు పిల్లలు ఎండిపోయి ఉన్నాయి. మిగతావి కాకులకు పోయాయి.

లైటు ఆ రోజే విప్పేశారు. వీధి దీపానికి ఒడ్డు వైపు రేకు అడ్డం పెట్టి, బల్బు మార్చి పసుపు నారింజ వెలుగుది వేశారు, ఆ రంగు వెలుగుకు పిల్లలు అంతగా ఆకర్షణ పడవు. తర్వాతి గోడలకు మాట కూడా మార్చాం: గుడ్ల కాలంలో ఒడ్డు వైపు లైటు వద్దు. మొదటి బొమ్మ చూసి మన తాబేలు కాదన్న పెద్దాయన ఇల్లు ఆ షెల్టర్ పక్కనే. ఫ్లడ్‌లైటు స్విచ్‌బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఏటా సంక్రాంతికి ముందు ఆయన నైలాన్ వలతాడుతో దాన్ని చుట్టూ బిగించి కట్టేస్తారు. వేట నిషేధం మొదలయ్యాకే విప్పుతారు.